యాభైకి పదకొండు

జూన్ 9, సోమవారం

ఈ డైరీ కుర్చీల కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చారు. ఆఫీసులో నా పని కొనుగోళ్లు. కుర్చీలు, కాఫీ మెషీన్లు, క్యాబులు అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి కాబట్టి ఏటా ఇలాంటివి ఆరేడు వస్తాయి. ఎప్పుడూ ఒక్క పేజీ రాసిన పాపాన పోలేదు. ఈ రోజు రాయాలనిపించింది.

పొద్దున ఆసుపత్రిలో రిపోర్టు ఇచ్చారు. అన్నకు కాలేయం మార్చాలి. రక్తం గ్రూపు కలిసింది నాకొక్కడికే. వదినకు కలవలేదు, వాళ్ల కొడుక్కీ కలవలేదు. నా కాలేయంలో సగానికి పైన కోసి ఆయనకు పెడతారు. మిగిలింది నాలో మళ్లీ పెరుగుతుందట. అయితే నా కాలేయానికి కొవ్వు పట్టింది. ముప్పై శాతం. పది లోపు ఉంటే తప్ప ముట్టుకోరట.

డాక్టరు తరఫున అన్నీ మాట్లాడే కోఆర్డినేటర్ ఉమాశ్రీగారని ఒకావిడ ఉన్నారు. "తొంభై ఒక్క కిలోలున్నారండి. పన్నెండు వారాల్లో కనీసం ఎనిమిది తగ్గాలి. మంచి కోచ్‌ను చూసుకుని వ్యాయామం మొదలుపెట్టండి. మీ అంతట మీరు మొదలుపెడితే నాలుగు రోజులకు మానేస్తారు" అన్నారు. నన్ను అంత త్వరగా ఎలా కనిపెట్టారో తెలియదు.

అన్న పక్కనే ఉన్నాడు. పేరు నారాయణప్ప. నాకంటే ఆరేళ్లు పెద్ద. కదిరి దగ్గర మా ఊళ్లో వేరుశనగ పండిస్తాడు. జన్మలో చుక్క ముట్టలేదు. ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపలే ఉండిపోయి ఇంత పని చేశాయి. ఊళ్లో మాత్రం ఎవరూ నమ్మరు. "తాగింటే ఆ ముచ్చటన్నా తీరిండేది" అంటాడు.

రిపోర్టు విని నాకు చాలా బాధ కలిగింది. ఇంటికొచ్చి నాలుగు చపాతీలు తిన్నాను. మామూలుగా మూడు.

జూన్ 10

కోచ్‌ను ఎలా పడితే అలా ఎంచకూడదు. దానికో పద్ధతి ఉంది. పదిహేనేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. కనీసం ముగ్గుర్ని పిలవాలి, వాళ్ల పని చూడాలి, మార్కులు వేయాలి. చదువు, అనుభవం, దూరం, వేళలు, పాత కస్టమర్ల మాట. ఒక్కోదానికి పది. మొత్తం యాభై. షీట్ తయారు చేశాను. గడులకు రంగులు కూడా వేశాను. మధ్యాహ్నమంతా పట్టింది.

శ్రీలత చూసి, "ఇది అయినాంక పరిగెత్తుతారా, ఇదేనా పరుగు?" అంది. నా భార్యకు ఆఫీసు పద్ధతులు తెలియవు.

జూన్ 14, శనివారం

మదీనాగూడలో రెండు జిమ్ములు చూశాను. మొదటిదానిలో పాట ఎంత గట్టిగా పెట్టారంటే అక్కడి కోచ్ ఏం చెప్పాడో నాకు వినపడలేదు. తల ఊపి వచ్చేశాను. ఇరవై నాలుగు.

రెండోది మెయిన్ రోడ్డు మీదే, చీరల షాపు పైన మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది. కోచ్ పేరు అవినాష్. భీమవరం వైపు కుర్రాడు, ముప్పై ఉండవు. అతని చేతులు నా తొడలంత ఉన్నాయి. గోడకు ఆరు సర్టిఫికెట్లు. సంతలో ఎద్దును చూసినట్టు నా చుట్టూ తిరిగి చూశాడు. పళ్లు చూడలేదు, అంతే.

"సార్, లోపల మనిషి గట్టివాడేనండి. ఇదంతా పైన పట్టిన పొర."

"లోపల ఎవరున్నారు?"

"తొంభై రోజులు నాకివ్వండి. నేను చూపిస్తాను కదండి."

లిఫ్టులో జిమ్ముకు పోయేవాళ్లను చూసి ఇదివరకు నవ్వేవాణ్ని. వచ్చేటప్పుడు కూడా లిఫ్టులోనే దిగాను.

జూన్ 17

సంయుక్త అని ఒకమ్మాయి ఫోనులోనే కోచింగ్ ఇస్తుంది. మొదటి వారం ఊరికే. తిన్న ప్రతి పళ్లెమూ ఫొటో తీసి పంపాలి. మధ్యాహ్నం మొదటి ఫొటో పంపాను. "బాగుంది సార్, అన్నం ఒక కప్పే తిన్నారు" అని జవాబిచ్చింది. ఫొటోకు ముందు ఇంకో కప్పు తీసి పక్కన పెట్టిన సంగతి ఆమెకెలా తెలుస్తుంది.

జూన్ 20

సంయుక్తకు ఇప్పటికి నాలుగు ఫొటోలు పంపాను. నాలుగూ ఒకే పళ్లెం, నాలుగు వైపుల నుంచి. ఆమెకు ముప్పై ఒకటి. దూరానికి ఏం వేయాలో తెలియక ఐదు వేశాను.

జూన్ 22, ఆదివారం

నాలుగో పేరు కూడా ఉంటే షీట్ నిండుగా ఉంటుందని ఈ పొద్దు ఇంకొకరిని చూసి వచ్చాను.

మా గోపన్‌పల్లి అపార్టుమెంట్ల వెనక యూనివర్సిటీ ప్రహరీ పక్కన ఒక రోడ్డుంది. అక్కడ తెల్లవారేసరికి ఒక పెద్దావిడ పదిమందిని పోగేసి నడిపిస్తుంది. భ్రమరాంబగారు. జిల్లా పరిషత్ స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈ అపార్టుమెంట్లు లేచేముందు నుంచీ ఈ ఊరివారే. చీర కింద బూట్లు, మెడలో విజిలు.

"మీకు సర్టిఫికెట్ ఏమైనా ఉందాండీ?" అని అడిగాను.

"ఉండె. చెదలు తిన్నయి."

"ఎన్ని వారాల ప్రోగ్రాం?"

"ప్రోగ్రాం ఏంది సారూ? పొద్దుగాల అయిదున్నరకు వస్తవా, రావా? గంతే." తర్వాత నన్ను కిందికీ మీదికీ చూసి, "ఎందుకు నడుద్దామనుకుంటున్నవ్?" అన్నారు.

"ఆరోగ్యానికి."

"అందరు గదే చెప్తరు. అసలుది చెప్పు."

"అసలుదీ అదేనండి."

ఆవిడ విజిలు ఊది వెళ్లిపోయారు.

చదువుకు ఆధారం లేదు, సున్నా. వేళలు, సున్నా. అయిదున్నర ఒక వేళ కాదు. పాత కస్టమర్ల మాట అడుగుదామంటే వాళ్లందరూ నడుస్తున్నారు, ఎవరూ ఆగలేదు. సున్నా. అనుభవానికి రెండు. ఇంటి వెనకే కాబట్టి దూరానికి తొమ్మిది. మొత్తం పదకొండు.

జూన్ 26

వాన.

జూన్ 27

వాన తగ్గింది. కోచ్ స్వభావం అనే ఆరో అంశం చేర్చాలా అని ఆలోచించాను. చేరిస్తే మొత్తం అరవై అవుతుంది, మళ్లీ అందరికీ వేసుకుంటూ రావాలి. వద్దనుకున్నాను.

జూలై 1

ఎంపిక పూర్తయింది. అవినాష్, నలభై మూడు. మూడు వారాలు పట్టింది. ఆఫీసులో కాఫీ మెషీన్‌కు ఐదు వారాలు పట్టింది కాబట్టి దీన్ని ఆలస్యం అనలేం.

బరువు 92.

జూలై 3

జిమ్ములో చేరాను. ఒక ఫారం ఇచ్చారు. మీ లక్ష్యం అన్నచోట సాధారణ ఆరోగ్యం అని రాశాను. ఏమైనా జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, జరగబోయే ఆపరేషన్లు అన్నచోట లేవు అని రాశాను. జిమ్ము వాళ్లకు ఇంటి సంగతులన్నీ ఎందుకు. ఆఫీసులోనూ ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి చెప్పొద్దని శ్రీలతే అంది. ఎంత తక్కువమందికి తెలిస్తే తర్వాత అంత సులువు.

జూలై 5

కింద కూర్చోలేను. కూర్చుంటే లేవలేను. ఆఫీసులో కొత్త కుర్చీలు మరీ పల్లంగా ఉన్నాయని ఈ రోజు తెలిసింది. వాటికి నలభై ఆరు మార్కులు వేసింది నేనే.

జూలై 12

బరువు కదలడం లేదు. 91.

"మీకు లోపల మంట రాజుకోవట్లేదండి సార్" అన్నాడు అవినాష్. ఒక డబ్బా ఇచ్చాడు. ఆకుపచ్చ పొడి. నీళ్లలో కలుపుకుని రోజుకు రెండుసార్లు తాగితే కొవ్వు కరుగుతుందట. "నేనూ ఇదే వాడతానండి. మన దగ్గర అందరూ వాడతారు."

"డాక్టరును అడగాలేమో?"

"మీకు జబ్బులేమీ లేవని రాశారు కదండి ఫారంలో."

నిజమే, రాశాను. తీసుకున్నాను.

డబ్బా వెనక చాలా సన్నటి అక్షరాలున్నాయి. కళ్లజోడు కారులో ఉండిపోయింది. చదవలేదు.

జూలై 19, శనివారం

అన్న వచ్చాడు. రెండు వారాలకోసారి ఆసుపత్రిలో ఆయన కడుపులో చేరిన నీళ్లు తీస్తారు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగుతాడు. కాళ్లు సన్నబడ్డాయి. కళ్లు పచ్చబడ్డాయి. కడుపు మాత్రం కుండలా ఉంది. ఇద్దరం సోఫాలో పక్కపక్కన ఇరుక్కుని కూర్చుంటే శ్రీలత నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

"ఏమిరా చెన్నా, నాది వాళ్లు గంటలో తీసేస్తారు. నీది ఎన్నాళ్లు పడతాది?"

"కోచ్‌ను పెట్టుకున్నాలే అన్నా."

"కోచ్ అంటే?"

"వ్యాయామం చేయించేటోడు."

"చేసేది నువ్వే గదా?"

"నేనే."

"మరి ఆయప్పేం చేస్తాడు?"

"లెక్కపెడతాడు."

అన్న కొంచెంసేపు ఆలోచించి, "ఎంత వరకు?" అన్నాడు.

"పదైదు."

"పదైదు వరకు నీకూ వచ్చు గదరా."

ఉప్పు లేని పప్పుతో అన్నం తిన్నాడు. నేను పొడి కలుపుకుంటుంటే డబ్బా చేతిలోకి తీసుకుని, "ఇదేందిరా?" అన్నాడు.

"బలానికి."

"నాకూ ఇంత కలుపు, చూస్తాం."

వద్దు అని డబ్బా లాక్కున్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఎందుకు వద్దో ఆయన అడగలేదు.

జూలై 28

87. జిమ్ము గోడకు నా ఫొటో పెట్టారు. లావుగా ఉన్నప్పటిది. పక్కన ఇంకో ఫొటోకు చోటు వదిలారు.

ఆకలి లేదు. పొద్దున్నే వికారంగా ఉంటోంది. "మంట రాజుకుందండి" అన్నాడు అవినాష్. అతను రోజుకు రెండన్నాడు. నేను మూడు తాగుతున్నాను. త్వరగా తగ్గాలి కదా.

ఆగస్టు 4, సోమవారం

ఎనిమిదో వారం. మధ్యలో ఒక రక్తపరీక్ష ఉందని పిలిచారు. నీళ్లు తీయించుకోవడానికి వచ్చిన అన్న కూడా పక్కనే ఉన్నాడు. ఉమాశ్రీగారు కాగితం ఒకసారి చూసి, నన్ను చూసి, మళ్లీ కాగితం చూశారు. కాలేయం తాలూకు అంకెలు ఉండాల్సినదానికి నాలుగింతలున్నాయి.

"ఏమైనా వాడుతున్నారా అండి? నాటుమందులు, పొడులు, మాత్రలు?"

"లేదండి."

"తాగడం?"

"లేదండి."

"మరి ఇంత ఎలా పెరిగిందండి? జూన్‌లో కొవ్వుందే తప్ప ఈ అంకెలు మామూలుగానే ఉన్నాయి."

నేను అన్న వైపు చూడలేదు. నెలలో ఇవి దిగకపోతే నా పేరు తీసేస్తారట. అన్నకు ఆపరేషన్ దసరా దాటనివ్వకూడదని డాక్టరు చెప్పారు. చనిపోయినవాళ్ల కాలేయం కోసం ఉన్న వరుసలోనూ ఆయన పేరు రాశారు. అందులో ఆయన ముందు చాలామంది ఉన్నారు.

లిఫ్టు దగ్గర నిలబడ్డాం. అది ఎంతకీ రాలేదు.

"పోనీలేరా" అన్నాడు అన్న. "నువ్వు చేసేది నువ్వు చేసినావు."

ఆగస్టు 5

తప్పు అవినాష్‌ది. లేబుల్ నేను చదవలేదు. పాత కస్టమర్ల మాటకు తొమ్మిది వేశాను, ఆరు వేయాల్సింది. షీట్ సరిచేశాను. ఇప్పుడు అవినాష్ నలభై.

ఆగస్టు 6

చదవలేదని నిన్న రాశాను. వెనక్కి తిప్పి చూస్తే జూలై 12న కూడా రాశాను. చదవనివాడికి అన్నిసార్లు రాయాల్సిన పనేముంది.

కళ్లజోడు కారులో లేదు. చొక్కా జేబులోనే ఉంది. లిఫ్టులో దిగుతూ చదివాను. కుర్చీ కొన్నా తలకిందులు చేసి అడుగున అంటించిన కాగితం చదివే మనిషిని, నేను చదవకపోవడమేమిటి. రెండో వరుసలోనే ఉంది. కాలేయ సమస్యలున్నవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు వాడకూడదు. చదివి, కాలేయ సమస్య అన్నకు కదా, నాకు కాదు కదా అనుకున్నాను. రెండో ముక్క గురించి ఏమీ అనుకోలేదు.

సాయంత్రం శ్రీలతకు చెప్పాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నేను గూడా చదివినా" అంది.

"ఎప్పుడు?"

"డబ్బా వచ్చిన మర్నాడే."

"మరి చెప్పలేదే?"

"మీరు చదివింటారని తెలుసు. మీరు చదవకుండా ఈ ఇంట్లోకి ఉప్పు ప్యాకెట్ గూడా రాదు గదా." ఇంకో నాలుగు కాయలు వలిచాక, "ఆపరేషన్‌లో మీకు ఏమన్నా అయితాదేమోనని నేను ఊరుకున్నా. మీరెందుకు ఊరుకున్నారు?" అంది.

"భయం."

ఆమె గిన్నె ఇద్దరి మధ్యకు జరిపింది. నేనూ ఈనెలు తీశాను. తర్వాత డబ్బా పారేద్దామని లేచాను. పొడి తడిచెత్తలో వేయాలని ఆమె, డబ్బాతో సహా పొడిచెత్తలోనే వేయాలని నేను. దాని మీద పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మిగతాదాని మీద అంతసేపు మాట్లాడలేదు.

ఆగస్టు 7

ఉమాశ్రీగారికి ఫోన్ చేసి పొడి సంగతి చెప్పాను. "ఇప్పటికైనా చెప్పారు. పూర్తిగా మానేయండి, నీళ్లు బాగా తాగండి, నడవండి. ఇంకేమీ చేయకండి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 8, శుక్రవారం

శ్రీలత వరలక్ష్మీవ్రతం హడావిడిలో ఉంది. నేను అయిదున్నరకు యూనివర్సిటీ రోడ్డుకు వెళ్లాను.

"వచ్చినవా సారూ" అన్నారు భ్రమరాంబగారు. "ఎందుకు నడుస్తవ్?"

ఈసారి చెప్పాను. అన్న, కాలేయం, పొడి, లేబుల్, అన్నీ. మిగతా పదిమంది కాళ్లూ చేతులూ ఆడిస్తూ విన్నారు. ఆఫీసులో పక్క సీటువాడికి కూడా చెప్పని సంగతి ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు చెప్పేశాను.

"భయమైతుందా?"

"అవుతోందండి."

"గది అసలుది" అన్నారు ఆవిడ. "ముప్పై ఏండ్లు పిల్లలను ఉరికిచ్చిన. మంచిగ ఉరికేటోళ్లకే పందెం నాడు కడుపునొప్పి లేస్తది. ఓడిపోతమని కాదు. గెలిస్తే మండలం ఆటలకు పంపిస్తరని. ఆడ ఎవరుంటరో, ఏమైతదో అని. గా నొప్పికి మందు లేదు. ఉరకనిస్తే తగ్గుతది."

నేను తల ఊపాను.

"నాకు మార్కులేసినవంట గదా. మీ ఇంటామె చెప్పింది."

"వేశానండి."

"ఎన్ని?"

"పదకొండు."

"ఎన్నిటికి?"

"యాభైకి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"గదేంది, పాసే కాలే" అన్నారు ఆవిడ. "నువ్వు గూడ మొన్న దవాఖానల ఫెయిలైతివి. సరిపోయింది, నడువు. రేపు దవాఖాన కాగితం పట్టుకరా. వాళ్లు నడువుమన్నంతనే నడిపిస్త. అన్నం సగం. ఏ పొడి లేదు. చెప్పకుంట ఏదన్న మింగినవనుకో, గేటు కాడికొచ్చి విజిలు ఊదుత."

ఆగస్టు 9

మూడు చుట్లు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వస్తే ఒక చుట్టు.

ఆగస్టు 11

వెళ్లలేదు. తల బరువుగా ఉందని పడుకున్నాను.

ఆరింటికి గేటు దగ్గర విజిలు వినిపించింది. మూడుసార్లు. పై అంతస్తులవాళ్లు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. వెళ్లాను.

ఆగస్టు 13

ఐదు చుట్లు.

సాయంత్రం జిమ్ముకు పోయి అవినాష్‌కు అంతా చెప్పాను. మొహం తెల్లబోయింది. "ఫారంలో ఒక్క ముక్క రాసుంటే ఇచ్చేవాణ్ని కాదండి సార్. మా నాన్నగారికి షుగరుందండి, నేను ఆయనకివ్వను" అన్నాడు. డబ్బా వెనక ఏముందో తను ఎప్పుడూ చదవలేదన్నాడు. నమ్మాను. అతనికి చదివే అవసరం లేకపోయింది.

గోడ మీది నా ఫొటో తీయమన్నాను. షీట్‌లో అతని మార్కులు మళ్లీ నలభై మూడు చేశాను.

ఆగస్టు 17, ఆదివారం

అన్న వచ్చి ఉన్నాడు. నడకకు నాతోపాటు వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. కల్వర్టు గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"గీయనేనా?" అని అడిగారు భ్రమరాంబగారు. ఔనన్నాను. ఆవిడ ఆయన దగ్గరకు పోయి, "అన్నా, నువ్వు లెక్కపెట్టు. నీ తమ్ముడు లెక్కలల్ల పక్కా దొంగ" అన్నారు.

"నాకు తెలీదామ్మా?" అన్నాడు అన్న.

ఆరు చుట్లు వేశాను. అన్న నాలుగే అన్నాడు. ఆవిడ ఆయన మాటే ఖాయం చేశారు. ఇంకో రెండు వేయించారు. మొత్తం ఎనిమిదయ్యాయి.

తిరిగి వస్తుంటే అన్న మధ్యలో ఆగి నిలబడ్డాడు. ఊపిరి తీసుకోవడానికి అనుకున్నాను.

"చెన్నా, ఇయ్యాలని లేకుంటే చెప్పురా. నేనేమనుకోను."

"ఎందుకట్లంటాండావు?"

"ఆ పొద్దు ఆ పొడి నన్ను ముట్టనీకపోతివి గదా. అప్పుడే అనుకుంటి."

"ఏమనుకుంటివి?"

"అది నాకు మంచిది కాదని నీకు తెలుసని. నాకు కానిది నీకెట్ల అవుతాది?"

పాలవాడి బండి పోయేదాకా ఆగి, "మరి అప్పుడే అడగకపోతివే?" అన్నాను.

"అడిగితే సిగ్గుపడి మానేస్తావు. సిగ్గుపడి ఇస్తావు. సిగ్గుతో ఇచ్చింది లోపల పెట్టుకుని నేనెట్ల తిరగల్ల?"

అంతే. ఇంటికొచ్చాం. ఆ డబ్బా సంగతి ఇంట్లో ముగ్గురికీ ముందే తెలుసు. తెలియనిది ఇచ్చినవాడికొక్కడికే.

ఇస్తానని ఆయనతో చెప్పలేదు. ఇవ్వనని కూడా చెప్పలేదు.

ఆగస్టు 18

ఎనిమిది.

ఆగస్టు 19

ఎనిమిది. మోకాలు పట్టేసింది. ఆవిడకు చెప్తే కాగితం అడిగారు. మోకాలికి కాగితం లేదన్నాను. అయితే నడువు అన్నారు, మెల్లగా.

ఆగస్టు 25

84. ప్యాంటు జారుతోంది. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పెట్టుకున్నాను. వంకరగా వచ్చింది.

మార్కులు మారుస్తానని భ్రమరాంబగారితో అన్నాను. "ఏసిన మార్కులు దిద్దొద్దు. దిద్దితే దొంగమార్కులైతయ్" అన్నారు. పదకొండు అలాగే ఉంచాను.

ఆగస్టు 29

పది చుట్లు. నడుస్తూ ఆపరేషన్ గురించి ఆలోచించాను. నాలుగు చుట్లదాకా భయపడ్డాను. ఐదో చుట్టు నుంచి కాళ్ల నొప్పి గురించే ఆలోచన. ఆవిడ చెప్పిన మందు ఇదే అయితే రోజుకు అరగంటే పనిచేస్తుంది.

సెప్టెంబరు 1, సోమవారం

రక్తం తీసుకున్నారు, స్కానింగ్ చేశారు. 82. రిపోర్టు గురువారం.

సెప్టెంబరు 2

రిపోర్టు బాగా రావాలని ఉంది. మొదటిసారి అలా ఉంది. రాసుకుంటే తప్ప నాకు నేనే నమ్మను.

సెప్టెంబరు 4, గురువారం

అంకెలు దిగాయి. కొవ్వు తొమ్మిది శాతం.

ఉమాశ్రీగారు అన్ననూ శ్రీలతనూ బయట కూర్చోమని, నన్నొక్కణ్నే లోపలికి పిలిచి తలుపు వేశారు.

"ఇది ఇచ్చేవాళ్లందరినీ అడుగుతామండి. మీకు ఇష్టమేనా? ఇంట్లో ఎవరి బలవంతమూ లేదు కదా?"

నేను నోరు తెరిచేలోగా ఆవిడే అన్నారు. "ఇష్టం లేకపోతే నాతో ఒక్క మాట చెప్పండి చాలు. పరీక్షల్లో కుదరలేదని బయట మేం చెప్తాం. అసలు కారణం ఈ గది దాటదు. మీ అన్నయ్యగారికీ చెప్పం, మీ ఆవిడకూ చెప్పం."

నేను ఆవిడ బల్ల మీది పేపర్‌వెయిట్‌ను తిప్పి పెట్టాను.

"ఈ మాట జూన్‌లో ఎందుకు చెప్పలేదండి?"

"జూన్‌లో మీది పనికిరాదు కదండి. పనికొచ్చేవాళ్లనే అడుగుతాం."

మూడు వారాలకు పైన రోజుకు మూడు పూటలా ఆ చేదు తాగాను. ఇక్కడ అడిగితే సాకు ఊరికే ఇస్తున్నారు. పదిహేనేళ్లు కొనుగోళ్లలో పనిచేసిన మనిషిని.

"ఆలోచించుకుంటారా?" అన్నారు ఆవిడ. "వారం ఆగొచ్చండి."

వారం ఇస్తే నేనేం చేస్తానో నాకు తెలుసు. షీట్ తెరుస్తాను.

"కాగితం ఇవ్వండి" అన్నాను.

కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను. నాకేమేం జరగవచ్చో వరుసగా రాశారు. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. చివరి వరుసలో ఉన్నది చావు. అది కూడా చదివాను. వెనక్కి తిప్పి ఖాళీ పేజీ కూడా చూశాను. సంతకం పెట్టాను. అది నాదిలా రాలేదు. ఉమాశ్రీగారు ఆధార్ కార్డు పక్కన పెట్టి చూసి, "ఇంకోసారి పెట్టండి" అన్నారు. ఇంకోసారి పెట్టాను.

బయట అన్న, శ్రీలత బెంచీ మీద ఉన్నారు. శ్రీలత నా మొహం చూసి తలవంచుకుని సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"ఏమన్నార్రా?" అన్నాడు అన్న.

"పనికొస్తాదంట."

"నిన్నేమన్నా అడిగినారా?"

"అడిగినారు."

ఆయన కడుపు పట్టుకుని మెల్లగా పక్కకు జరిగాడు. "కూచో. ఇప్పుడైతే పడతావు" అన్నాడు. కూర్చున్నాను. ముగ్గురం సరిపోయాం.

ఆపరేషన్ పదహారున. కారులో వస్తూ భ్రమరాంబగారికి ఫోన్ చేశాను. కోసిన తర్వాత మూడు నెలలు బరువులెత్తకూడదన్నారని, నడవొచ్చన్నారని, మళ్లీ ఎప్పటినుంచి రమ్మంటారని అడిగాను.

"పదహారుకు గదా కోసేది?"

"అవునండి."

"రేపు అయిదో తారీకు" అన్నారు ఆవిడ. "అయిదున్నరకు రా."